చేతులు పెరిగాయి, చూసే కళ్లు పెరగలేదు: ఓపెన్ సోర్స్ కమ్యూనిటీల పెరుగుదల వెనక లెక్క

2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు మార్పుల ప్రతిపాదనలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. లెక్కలేనన్ని వెబ్‌సైట్లు దాని మీద నడుస్తాయి కాబట్టి, పని జోరుగా సాగుతోందని బయటివాళ్లు అనుకోవచ్చు. తెరిచి చూస్తే చాలావాటిలో ఉన్న మార్పు ఒక్కటే: ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో ఎవరో విద్యార్థి పేరు. కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌ను నేర్పే ఒక భారతీయ వీడియో పాఠంలో ఈ ప్రాజెక్టును ఉదాహరణగా చూపించడమే దీనికి మూలమని అప్పట్లో చర్చ జరిగింది. నేర్చుకునేవాళ్ల తప్పు పెద్దగా లేదు, చూసిన పాఠాన్ని ఉన్నదున్నట్టు పాటించారు. కానీ ఆ కుప్పను ఒక్కొక్కటిగా మూసేసే పని మాత్రం జీతం లేని కొద్దిమంది మీద పడింది.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ల కాలం వచ్చిందంటే రెజ్యూమెలో 'ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్' అన్న లైను కోసం హడావిడి మొదలవుతుంది. దాంతోపాటే ఒక సందేహమూ వస్తుంది. ఉచితంగా పని చేసిపెడతామని పోతే ప్రాజెక్టు నడిపేవాళ్లు ఎందుకు కసురుకుంటారు? మనుషులు ఎక్కువైతే పని సులువు కావాలి కదా?

క్లుప్తంగా: ఓపెన్ సోర్స్‌లో కొరత కోడ్ రాసేవాళ్లది కాదు, రాసినదాన్ని చూసి బాధ్యత తీసుకునేవాళ్లది. వచ్చేవాళ్లు వేగంగా పెరుగుతారు, చూసేవాళ్లు నెమ్మదిగా తయారవుతారు. ఈ తేడాను పట్టించుకున్న ప్రాజెక్టులు నిలిచాయి, పట్టించుకోనివి అలిసిపోయాయి. ఉత్తర తెలంగాణ కాలేజీలకు ఈ లెక్కలో ఇంకో చిక్కు కూడా ఉంది: నాలుగేళ్లకోసారి మొత్తం మనుషులు మారిపోవడం.

రాయడం చవక, చూడడం ఖరీదు

ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, తాము చేసిన మార్పును తిరిగి పంపొచ్చు. అలా పంపేదాన్నే, కోడ్‌ను ఉంచి పంచుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్ భాషలో పుల్ రిక్వెస్ట్ అంటారు. పంపిన ప్రతిదీ లోపలికి పోదు. మెయింటెయినర్, అంటే ప్రాజెక్టు బాధ్యత చూసే మనిషి, దాన్ని చదవాలి, నడిపి చూడాలి, ఇంకెక్కడైనా ఏదైనా చెడిపోతుందేమో ఆలోచించాలి, కాదంటే ఎందుకు కాదో మర్యాదగా చెప్పాలి. ఒప్పుకుంటే అసలు భారం అప్పుడే మొదలవుతుంది. పంపిన మనిషి మరుసటి వారం కనిపించకపోవచ్చు, కోడ్ మాత్రం పదేళ్లు ఉంటుంది. అందులో వచ్చే ప్రతి తప్పుకూ జవాబు చెప్పాల్సింది మెయింటెయినరే.

దీనికి తోడు మాటల లెక్క ఒకటుంది. ఐదుగురు కలిసి పనిచేస్తే జంటలుగా చూసినప్పుడు 10 సంబంధాలు ఉంటాయి. యాభై మంది అయితే అవి 1,225. మనుషులు పది రెట్లు పెరిగితే మాట్లాడుకోవాల్సిన దారులు నూట ఇరవై రెట్లు దాటుతాయి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పింది ఇందుకే. ఆయన చెప్పింది కంపెనీల గురించి. అక్కడ కనీసం ఎవరిని తీసుకోవాలో యాజమాన్యం చేతిలో ఉంటుంది. ఓపెన్ సోర్స్‌లో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చాక ఈ ఎగుడుదిగుడు ఇంకా పెరిగింది. చూడ్డానికి సక్రమంగా కనిపించే కోడ్‌నూ, భద్రతా లోపాల నివేదికలనూ నిమిషంలో తయారు చేయొచ్చు. అది నిజమో కాదో తేల్చడానికి మాత్రం మునుపటంత సమయమే పడుతుంది. 1998 నుంచి, ఇంటర్నెట్‌లో డేటాను అటూఇటూ పంపే కర్ల్ అనే టూల్‌ను నడుపుతున్న డేనియల్ స్టెన్‌బర్గ్ 2025 అంతా ఇలాంటి ఉత్తుత్తి నివేదికల గురించి బహిరంగంగా చెబుతూ వచ్చారు. లోపం చూపినవాళ్లకు డబ్బిచ్చే పథకాన్ని ఆ ప్రాజెక్టు 2026 జనవరి ఆఖరుతో ఆపేసింది. బహుమతి ఉన్నంతకాలం చెత్త ఆగదన్నదే ఆ నిర్ణయం వెనకున్న తర్కం.

లైనక్స్ గట్టెక్కిన తీరు

పెరుగుదలను తట్టుకోవడంలో అందరూ చూసే ఉదాహరణ లైనక్స్. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ ఒక్కడే మొదలుపెట్టిన కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అది. ఏడేళ్లు తిరిగేసరికి ఆయనకు వచ్చే ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మార్పులు, ఆయన చదవగలిగిన దానికంటే ఎక్కువయ్యాయి. పంపినవి జవాబు లేకుండా పోయేవి, మళ్లీ పంపేవాళ్లు, మళ్లీ పోయేవి. 1998లో ఇది బహిరంగ గొడవగానే మారింది. అసలు చిక్కు లైనస్ మంచిచెడ్డలది కాదు. ఒక మనిషి రోజుకు ఎన్ని ప్యాచ్‌లు చూడగలడన్న దగ్గరే అంతా ఆగిపోయింది.

బయటపడిన దారి రెండు భాగాలు. మొదటిది పని పంపకం. నెట్‌వర్కింగ్ ఒకరికి, ఫైల్ సిస్టమ్‌లు ఇంకొకరికి, ఒక్కో రకం డ్రైవర్లు మరొకరికి. ఎవరి భాగంలో మార్పు వస్తే వాళ్లు చూసి, ఏరి, తమ పేరు పెట్టి పైకి పంపుతారు. ఏ ఫైలు ఎవరి బాధ్యతో చెప్పే జాబితా కోడ్‌తోపాటే ఉంటుంది. లైనస్ ఇప్పుడు చాలావరకు ప్యాచ్‌లను కాక మనుషులను నమ్ముతాడు. రెండోది పనిముట్టు. 2002లో బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడడం మొదలుపెట్టారు. దాని ఉచిత వాడకం ఆగిపోవడంతో 2005 ఏప్రిల్‌లో లైనస్ గిట్ రాశాడు. ఈరోజు ప్రతి బీటెక్ విద్యార్థీ నేర్చుకునే గిట్, నిజానికి ఒక కమ్యూనిటీ ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు పుట్టిన మందు.

ఫలితం చూస్తే, ఇప్పుడు తొమ్మిది పది వారాలకో కొత్త కెర్నల్ వస్తుంది. ఒక్కోదానిలో పదివేలకు పైగా మార్పులు ఉంటాయి. పాత పద్ధతిలో ఇది ఊహకు కూడా అందదు. ఖర్చు లేకపోలేదు: కొత్తగా వచ్చినవాడికి ఆ మెట్లు, ఆ ఈమెయిల్ మర్యాదలు అర్థం కావడానికే నెలలు పడుతుంది. దశాబ్దాలు నడిచిన కటువు మాటల సంస్కృతికి 2018లో లైనస్ స్వయంగా క్షమాపణ చెప్పి కొద్దిరోజులు పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది.

ఒకరి మాట, అందరి ఓటు

పని పంచడం ఒక ఎత్తు, నిర్ణయాధికారం పంచడం మరో ఎత్తు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చాలాకాలం చివరి మాట దాన్ని సృష్టించిన గైడో వాన్ రోసమ్‌దే. 2018లో ':=' అనే చిన్న గుర్తును భాషలో చేర్చాలా వద్దా అన్న దాని మీద విపరీతమైన వాదన జరిగింది. ఆయన దాన్ని ఆమోదించాడు, ఆ తర్వాత జులైలో తప్పుకున్నాడు. పోతూ పోతూ వారసుణ్ని పెట్టలేదు, ఎలా నడుపుకోవాలో మీరే తేల్చుకోండన్నాడు. నెలల తరబడి రకరకాల పాలన నమూనాలను పోల్చి, ఓటేసి, 2019 ఆరంభంలో ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌ను ఎన్నుకున్నారు. ఒక చిన్న గుర్తు కోసం ఇంత జరిగిందా అనిపిస్తుంది కానీ, బరువు ముందే నిండి ఉంది, ఆ గుర్తు ఆఖరి గింజ మాత్రమే.

లైనక్స్ మీద కట్టిన డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు ఈ పని ముందే చేసింది. 1993లో మొదలైన ఆ ప్రాజెక్టు 1998లోనే రాజ్యాంగం రాసుకుంది. నాయకుణ్ని ఏటా ఎన్నుకుంటుంది. ఇంకా ఆసక్తికరమైన సంగతి 1999 నాటిది. కొత్త మెయింటెయినర్ల దరఖాస్తులు మోయలేనంతగా పెరిగితే డెబియన్ తలుపు మూసేసింది. కొత్తవాళ్లను ఎలా పరీక్షించాలి, వాళ్లకు ఎవరు తోడుండాలి, వాళ్లు తమ సామాజిక ఒప్పందాన్ని అర్థం చేసుకున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నవి ఖాయం చేసుకుని 2000లో మళ్లీ తెరిచింది. కొన్నాళ్లు పెరుగుదలనే ఆపుకోవడం ఓటమిలా కనిపిస్తుంది. కానీ ఆ ప్రాజెక్టు మూడు దశాబ్దాలు దాటి నడుస్తోంది. 2023లో దాని వార్షిక సమావేశం కొచ్చిలో జరిగింది.

ఇక్కడివాళ్లకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956 నుంచి నడుస్తున్న సహకార సంఘం ఎలా నిలిచిందో చూస్తే చాలు. అప్పు, ఎరువులు, విత్తనాలు, పంట అమ్మకం అన్నీ సంఘం ద్వారానే నడుస్తాయి. అయితే సంఘం అంటే ఊరికే గుంపు కాదు. సభ్యుడెవరో, కానివాడెవరో స్పష్టంగా ఉంటుంది, సభ్యుడికి హక్కుతోపాటు బాకీ కూడా ఉంటుంది. ఉమ్మడి వనరులను ప్రజలు తమంతట తాము ఎలా కాపాడుకుంటారో పరిశోధించి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పిన మొదటి షరతూ ఇదే: హద్దు తెలియాలి. ఓపెన్ సోర్స్‌లో కోడ్‌కు హద్దు లేదు, ఎంతమంది వాడినా తరగదు. తరిగేది మెయింటెయినర్ సమయం. హద్దు కావాల్సింది దానికి.

ఈ హద్దునే మెట్లుగా మలచుకున్న ప్రాజెక్టు, చాలా సర్వర్ల మీద సాఫ్ట్‌వేర్‌ను నడిపించే కుబెర్నెటిస్. మొదట సభ్యుడు, తర్వాత రివ్యూ చేసేవాడు, ఆ తర్వాత ఆమోదించేవాడు. సభ్యుడు కావాలన్నా ఇప్పటికే లోపలున్న ఇద్దరు పూచీ ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే కంపెనీవాళ్లు కాకూడదు. బ్యాంకు అప్పుకు జామీను అడిగినట్టే.

నీరటికాడికి కొలిచే గింజలు

కాకతీయుల కాలం నుంచి ఈ ప్రాంతాన్ని బతికించింది చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్దవాటి సంగతి అందరికీ తెలుసు. చెరువు ఎంత పెద్దదైనా తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంత నీరు పోవాలి అని చూసేది నీరటికాడు. ఆయకట్టు రైతులంతా పంట చేతికొచ్చాక అతడికి గింజలు కొలిచేవాళ్లు. ఆయకట్టు పెరిగితే గింజలూ పెరిగేవి. ఓపెన్ సోర్స్‌లో తెగిపోయింది ఈ లంకె. ఆయకట్టు ప్రపంచమంతా విస్తరిస్తుంది, నీరటికాడికి మాత్రం ఎవరూ కొలవరు.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు లోకానికి ఈ సంగతి తెలిసింది. ఇంటర్నెట్‌లో పెద్ద భాగానికి తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను అప్పటికి పూర్తికాలం చూసుకుంటున్నది ఒక్కరు. ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు లైనక్స్ ఫౌండేషన్ ద్వారా డబ్బు పెట్టాయి. అయినా 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు రాత్రింబవళ్లు కూర్చుని సరిచేసింది మళ్లీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే.

అలిసిపోయిన మనిషికి సాయం దొరికితే సంతోషిస్తాడు. ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే. ఎక్స్‌జడ్ అనే కంప్రెషన్ టూల్‌కు ఒకరే మెయింటెయినర్. 2021 నుంచి 'జియా టాన్' అనే పేరుతో ఒక ఖాతా ఓపికగా మంచి ప్యాచ్‌లు పంపుతూ వచ్చింది. పక్కనుంచి వేరే పేర్లతో కొందరు, పని నెమ్మదిగా ఉంది, ఇంకొకరికి అప్పగించు అంటూ ఒత్తిడి పెట్టారు. రెండేళ్లలో ఆ ఖాతాకు విడుదల చేసే అధికారం దక్కింది. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు దాన్ని బయటపెట్టాడు. రిమోట్ లాగిన్ అరసెకను ఆలస్యం కావడం ఆయనకు అనుమానం తెప్పించింది. అరసెకనే కదా అని వదిలేసి ఉంటే లెక్కలేనన్ని సర్వర్లు తెరుచుకుని ఉండేవి.

కాబట్టి 'బాధ్యత పంచండి' అన్న సలహా చెప్పినంత సులువు కాదు. పంచకపోతే ఒక్కరి మీద భారం, తొందరపడి పంచితే దొంగకు తాళంచెవి. మధ్యలో ఉన్న దారి ఒకరికి కాక ముగ్గురు నలుగురికి పంచడం, ఒకరి మార్పును మరొకరు చూడకుండా విడుదల చేయకపోవడం. దానికి ముగ్గురు నలుగురు దొరకాలి. చిన్న ప్రాజెక్టులకు దొరకనిదే అది.

జాతర నాలుగు రోజులు

మేడారం మామూలు రోజుల్లో ములుగు అడవిలో చిన్న ఊరు. రెండేళ్లకోసారి నాలుగు రోజులపాటు వచ్చే జనం కోటి దాటుతారని అధికారుల అంచనా. అంతమందిని ఆ ఊరు మోస్తున్నదంటే కారణం నెలల ముందునుంచి జరిగే ఏర్పాట్లు: ఆర్టీసీ బస్సులు, జంపన్న వాగు దగ్గర స్నానఘట్టాలు, తాత్కాలిక రోడ్లు. ఇవేవీ లేకుండా జనాన్ని మాత్రం పిలిస్తే ఏమవుతుందో 2020 అక్టోబరులో ఓపెన్ సోర్స్ లోకం చూసింది.

డిజిటల్ ఓషన్ కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ జరుపుతోంది. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇచ్చేవాళ్లు. ఆ ఏడాది మొదటిరోజు నుంచే ఒక పదం మార్చి, ఒక విశేషణం చేర్చి పంపినవి వెల్లువెత్తాయి. ప్రాజెక్టుల నుంచి తిట్లు మొదలయ్యాక కొద్దిరోజుల్లోనే నియమం మార్చారు: ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయి. 2023లో టీషర్టు కూడా తీసేసి డిజిటల్ బ్యాడ్జి ఇచ్చారు.

దీని పక్కన గూగుల్ 2005లో మొదలుపెట్టిన సమ్మర్ ఆఫ్ కోడ్‌ను పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. అందులో ఒక ప్రాజెక్టు ఎంతమందిని తీసుకోగలదన్నది దానికి ఎంతమంది మెంటర్లు ఉన్నారన్న దాని మీద ఆధారపడుతుంది. దరఖాస్తులు ఎన్నైనా రావచ్చు, తీసుకునేది మోయగలిగినంతే. ఒకటి వచ్చినవాళ్లను లెక్కపెట్టింది, ఇంకొకటి చూడగలిగినవాళ్లను లెక్కపెట్టింది. అంతకు మించిన రహస్యం రెండింటి మధ్యా లేదు.

వరంగల్ లెక్క

2028 నాటికి గిట్‌హబ్‌లో డెవలపర్ల సంఖ్యలో భారత్ అమెరికాను దాటుతుందని ఆ సంస్థ 2024లో అంచనా వేసింది. ఆ సంఖ్యలో గణనీయమైన భాగం వరంగల్ లాంటి ఊళ్ల నుంచే రావాలి. 1959లో ఆర్‌ఈసీగా మొదలైన నిట్, 1976 నాటి కాకతీయ యూనివర్సిటీ, చుట్టూ ప్రైవేటు కాలేజీలు, మడికొండ ఐటీ పార్కు, కరీంనగర్, నిజామాబాద్ ఐటీ టవర్లు, ఇలా మనుషులకు కొదవ లేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వంటి సంస్థలు గ్లగ్‌ల (లైనక్స్ వాడేవాళ్ల బృందాల) పేరుతో కాలేజీల్లో బృందాలను పెంచే ప్రయత్నం చాలాకాలంగా చేస్తున్నాయి.

చిక్కు కాలపరిమితిది. బీటెక్‌లో మొదటి ఏడాది అలవాటుపడడానికే పోతుంది. రెండో ఏడాది గిట్ చేతికొస్తుంది. నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్ల టెన్షన్. మధ్యలో మిగిలేది ఏడాదిన్నర. ఆ తర్వాత మనిషి హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఒక ప్రాజెక్టులో రివ్యూ చేసే స్థాయికి రావడానికి కావాల్సిన సమయం కూడా ఇంచుమించు అంతే. అంటే సరిగ్గా పనికొచ్చే రోజుకు బృందం చెదిరిపోతుంది, జూనియర్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు. ఈ కోణంలో బాసర ట్రిపుల్ ఐటీకి ఎవరూ పెద్దగా గమనించని అనుకూలత ఉంది. పదో తరగతి తర్వాత ఆరేళ్లు ఒకే క్యాంపస్‌లో ఉండే విద్యార్థికి నేర్చుకోవడానికీ, తర్వాతివాళ్లకు నేర్పడానికీ సమయం దొరుకుతుంది.

రెండో చిక్కు కొలత. కాలేజీలూ, నియామకాలు చేసేవాళ్లూ పుల్ రిక్వెస్టుల సంఖ్య అడిగినంతకాలం విద్యార్థులు సంఖ్యనే తయారు చేస్తారు. పదం మార్చినదీ ఒకటే, మూడువారాలు కుస్తీపట్టి బగ్ పట్టుకున్నదీ ఒకటే అయితే రెండోది చేసేవాడు తెలివితక్కువవాడు అవుతాడు. ఇతరుల కోడ్‌ను చదివి వ్యాఖ్య రాయడం, వచ్చిన ఫిర్యాదు నిజమేనా అని తన కంప్యూటర్‌లో చేసి చూడడం, పాత డాక్యుమెంట్లు సరిదిద్దడం మెయింటెయినర్‌కు నేరుగా బరువు తగ్గించే పనులు. రెజ్యూమెలో వీటికి గడి లేదు.

తెలుగువాళ్లు తప్ప ఇంకెవరూ చూడలేని పని కూడా ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం తెర మీదికొస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఓపెన్ సోర్స్ కాదు గానీ, ఒత్తులూ గుణింతాలూ కలిసే చోట సాఫ్ట్‌వేర్ ఎంత తేలిగ్గా తడబడుతుందో చూపింది. లిబ్రెఆఫీస్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, గ్నోమ్ అనే లైనక్స్ డెస్క్‌టాప్‌లో తెలుగు అనువాదాలను, అక్షరాలు కనిపించే తీరును పరీక్షించే పనిలో అనుభవం కంటే భాష ముఖ్యం. బమ్మెర నుంచి వచ్చిన కవి పేరుతో ఉన్న పోతన ఫాంట్‌ను తిరుమల కృష్ణదేశికాచార్యులు తయారుచేసి స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చినప్పుడు జరిగింది అలాంటి పనే. ఇలాంటి చోట కొత్తవాడు పోటీపడేది వేలమందితో కాదు. అవతలివైపు ఉన్న మెయింటెయినర్ తెలుగు రాని మనిషైతే, ఈ పని చేసేవాడి కోసం ఎదురుచూస్తూ కూడా ఉంటాడు.

రాబోయే రోజుల్లో

ఇప్పటి పోకడ చూస్తే పెద్ద ప్రాజెక్టులు తలుపు ఇంకొంచెం దగ్గరగా వేసే అవకాశమే ఎక్కువ. ముందు సమస్య చర్చించనిదే కోడ్ పంపొద్దనడం, ఏఐ వాడితే చెప్పాలనడం, కొత్త ఖాతాల మార్పులను పక్కన పెట్టడం ఇప్పటికే చాలాచోట్ల కనిపిస్తున్నాయి. దీని దెబ్బ మొదట తగిలేది పరిచయాలు లేని ఊళ్ల విద్యార్థులకే. బెంగళూరు కంపెనీలో పనిచేసేవాడికి పూచీ ఇచ్చే సహోద్యోగి పక్క కుర్చీలో ఉంటాడు, హసన్‌పర్తి హాస్టల్లో ఉన్నవాడికి ఉండడు. ఆ లోటు పూడ్చగలిగేది ఇదే కాలేజీల నుంచి వెళ్లి ఇప్పటికే ప్రాజెక్టుల్లో కుదురుకున్న పాత విద్యార్థులు.

ఒక కాలేజీ బృందం పెరుగుతోందా లేదా తేల్చుకోవడానికి అక్టోబరులో పంపిన పుల్ రిక్వెస్టుల సంఖ్య పనికిరాదు. అదే ప్రాజెక్టుకు మార్చిలో మూడో ప్యాచ్ పంపినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎవరి పేరైనా రివ్యూ చేసేవాళ్ల జాబితాలో చేరిందా అన్నది చూడాలి. యాభై మంది వర్క్‌షాపుకు వస్తే ఈ రెండో లెక్కలో ఇద్దరు తేలవచ్చు. ప్రాజెక్టు నడిపేవాళ్లు ఎదురుచూసేది ఆ ఇద్దరి కోసమే.